ఎంపీ మోసిన ఎడ

సాయంత్రం హోసూరు నుంచి కంపెనీ బస్సు వచ్చే వేళకు కదిరమ్మ కుందారపల్లిలో రోడ్డు ఇవతల నిలబడి ఉంటుంది. కూతురు ఉదయశ్రీ అవతల దిగుతుంది. లారీల మధ్య సందు చూసుకుని పరుగెత్తి, నడుమ కట్ట మీద ఆగి, మళ్ళీ పరుగెత్తి ఇవతలికి చేరేదాకా కదిరమ్మకు ఊపిరాడదు. మొగుడు మునియప్ప పోయింది అక్కడే. పాల క్యాను పట్టుకుని ఇంకొక్క అడుగు వేస్తే అవతలి గట్టు ఎక్కేవాడు.

కూతురు దగ్గరకు రాగానే ఒళ్ళంతా ఒకసారి తడిమి చూసి అడుగుతుంది.

"ఈపొద్దు వచ్చినాడా ఆయప్ప?"

ఆయప్ప అంటే ఎంపీ తిమ్మరాజు. మునియప్ప పదకొండో రోజు కార్యానికి తెల్ల పంచెతో వచ్చి, బంతిలో కూర్చుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని అందరూ వినేటట్టు అన్నాడు: "కొడుకు లేడని బాధపడొద్దమ్మా. నన్నే నీ కొడుకనుకో. ఈడ రోడ్డు కింద దోవ కావాలని పార్లమెంటులో అడుగుతాను."

చావింట్లో అన్నం తిని ఇచ్చిన మాట తప్పడని కదిరమ్మ నమ్మింది. నమ్మింది కాబట్టే కాపలా కాసింది. ఎవరు సభకు వచ్చారో, ఎవరు ఏం అడిగారో అన్నీ పార్లమెంటు సైటులో పెడతారని ఉదయశ్రీ కనుక్కుంది. అప్పటి నుంచి సభ జరిగే రోజుల్లో ఇంటికి నడిచే దారిలో అదే పంచాయితీ.

"వచ్చినాడమ్మా. హాజరు ఉండాది."

"నోరు తెరిచినాడా?"

"మామిడి గుజ్జు గురించి అడిగినాడు."

"మామిడి గుజ్జు రోడ్డు దాటతాదా?"

పగటిపూట టీవీలో సభ చూపిస్తుంటే వెనక వరుసల్లో అతని సీటు కోసం వెతికేది. ఖాళీగా కనబడితే కడుపు మండి తిట్టేది. తిట్టు తగిలి నిజంగానే మంచాన పడితే అడిగేవాడు ఉండడని భయమేసి, వెంటనే దేవుడికి దండం పెట్టుకునేది. ఇంకో ప్రాణం పోతే గానీ అడగడేమో అనిపించేది. ఆ ఇంకో ప్రాణం ఎవరిదో అనుకోబోయి, లేచి ఏదో ఒక పనిలో పడేది.

పార్లమెంటు చలికాలం సమావేశాల్లో ఒకనాడు ఉదయశ్రీ కంపెనీ నుంచే వీడియో పంపించింది. కదిరమ్మ పక్కింటి సెల్విని పిలిచి, గడప మీద కూర్చుని చూసింది. తమిళనాడు ఎంపీ కదా, తిమ్మరాజు లేచి నిలబడి తమిళంలో మాట్లాడుతున్నాడు. తన నియోజకవర్గంలో మునియప్ప అనే పేదవాడు పాలు పోయడానికి రోడ్డు దాటుతూ చనిపోయాడనీ, భార్య, కూతురు దిక్కులేనివాళ్ళయ్యారనీ గొంతు వణికిస్తూ చెప్పాడు.

కదిరమ్మ సెల్వి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆయన పేరు చెప్పినాడే సెల్వీ. ఢిల్లీలో చెప్పినాడే."

అంతలో తిమ్మరాజు ముగించాడు. అందుచేత సూలగిరి మలుపు దగ్గర రోడ్డు కింద దారి కావాలన్నాడు.

ఆ మలుపులో ఊరు లేదు. మనిషే లేడు. తిమ్మరాజు బామ్మర్ది వేసిన ప్లాట్లు ఉన్నాయి, ముళ్ళకంచె మధ్య రంగు రాళ్ళతో.

"అక్కా," అంది సెల్వి, "మీ ఆయన ఈడ చస్తే, పీనుగును ఆడికి మోసకపోయినాడే."

కదిరమ్మ ఏడవలేదు. వీడియో మళ్ళీ పెట్టి మొగుడి పేరు వచ్చేదాకా విని ఆపేసింది.

ఎండలు ముదిరేసరికి ఎన్నికలు వచ్చాయి, మునియప్ప ఏడాది కార్యమూ వచ్చింది. తిమ్మరాజును పిలవాలని కదిరమ్మ అన్నప్పుడు ఉదయశ్రీ తెల్లబోయింది. అతన్ని పిలిచి అందరి ముందు తల దించుకునేటట్టు చేస్తే ఏమవుతుందో కదిరమ్మ ముందే తలుచుకుంది: కూతుర్ని పనిలోంచి తీయిస్తాడు, కరెంటు పీకిస్తాడు, మనుషుల్ని పంపిస్తాడు. అన్నీ తలుచుకున్నాకే ఫోను చేయించింది.

ఓట్ల కాలం కదా, కార్లు వేసుకుని వచ్చాడు. వెంట కెమెరావాళ్ళు. పటానికి పూలమాల వేసి, ఆకు ముందు కూర్చోబోయాడు.

"ఉండప్పా," అంది కదిరమ్మ. "ఇంకా ఎడ పెట్టలేదు."

రోడ్డు మీద పోయినవాళ్ళకు వాళ్ళింట్లో ఏడాదినాడు ప్రాణం పోయిన చోటే ఎడ పెడతారు. అరిటాకులో అన్నం, పోయినవాడికి ఇష్టమైన కూర. కొడుకే మోసుకుపోవాలి. కాళ్ళకు చెప్పులుండకూడదు. రోడ్డు దాటేటప్పుడు ముందూ వెనకా ఎవరూ నడవకూడదు.

"కొడుకుననుకోమంటిరి," అంది కదిరమ్మ, అతని రెండు చేతుల్లో ఆకు పెడుతూ. "రోడ్డుకు అవతల గట్టు కాడ పెట్టి రండి. మీరొచ్చినాకే అందరూ తినేది."

బంతిలో ఉన్నవాళ్ళంతా లేచి రోడ్డు గట్టు దాకా వచ్చారు. కెమెరాలు అతని వైపే తిరిగి ఉన్నాయి. తిమ్మరాజు చెప్పులు విడిచాడు.

అనుచరుడొకడు బండ్లు ఆపడానికి చెయ్యెత్తి రోడ్డు మీదికి దిగబోయాడు.

"నువ్వు దిగొద్దు నాయనా," అంది కదిరమ్మ. "ఎడ మైలపడతాది."

తిమ్మరాజు దిగాడు. కాలే తారు మీద కాళ్ళు ఎగరేస్తూ, ఆకులో అన్నం ఒలకకుండా పరుగెత్తి నడుమ కట్ట ఎక్కాడు. అక్కడ చిక్కుకున్నాడు. అవతలి వైపు కంటైనర్ల వరుస తెగడం లేదు. గాలికి పంచె ఎగురుతోంది. పట్టుకుందామంటే చేతులు ఖాళీ లేవు. గట్టు మీద ఎవరో నవ్వారు.

"ఢిల్లీకి ఇనపడేటట్టు అరువప్పా," అన్నారింకెవరో.

"సూలగిరి మలుపులో దాటి రమ్మనండి, ఆడ దోవ అడిగినాడు గదా," అంది సెల్వి.

ఊరంతా ఫోన్లు పైకెత్తింది. తిమ్మరాజు ఒక అడుగు కిందికి వేసి, హారను మోతకు వెనక్కి తూలాడు. అన్నం కొంత ఒలికింది.

"అమ్మా," ఉదయశ్రీ తల్లి కొంగు లాగింది. "ఆయనకేమన్నా అయితే?"

కదిరమ్మ కళ్ళ ముందు అది జరిగిపోయింది. లారీ, తెల్ల పంచె, చెదిరిన ఆకు. ఇలాంటివి తోచినప్పుడల్లా గుండెలు బాదుకునే మనిషి, ఈసారి కళ్ళు మూసుకోకుండా చివరిదాకా చూసింది. ఆమెకు లోపల చల్లగా ఉంది.

తిమ్మరాజు వెనక్కి తిరిగాడు. ముఖమంతా చెమట. "అమ్మా, బండ్లు ఆపమని చెప్పు."

"నేను చెప్తే ఆగేటివైతే," కదిరమ్మ గొంతెత్తింది, "నీతో చెప్పుకునే పని నాకేముండాది?"

అతను అలాగే ఆమె వైపే చూస్తున్నాడు.

"నన్ను చూసి ఏం చేస్తావప్పా," అంది. "అట్లపక్క చూడు. లారీ ఆడ నుంచి వస్తాది."