అరవైలో ఆరు

జెస్సీ సంచి సర్దుకుంటోంది. అడుగున రెండు చుడీదార్లు, వాటి మీద దుప్పటి, దుప్పటి మడతలో బైబిలు, పక్కన బొరుగుల పొట్లం, ఊరగాయ సీసా. లీలావతి మంచం అంచున కూర్చుని ఒక్కో వస్తువూ లోపలికి పోవడం చూస్తోంది. ఆళ్లగడ్డలో తొలి బస్సెక్కి నంద్యాలకు వచ్చిందామె. సాయంత్రం బండికి జెస్సీ బెంగుళూరు వెళ్లిపోతోంది.

"దుప్పటెందుకుమే? బెంగుళూరులో దుప్పట్లు దొరకవా?"

"దొరుకుతాయత్తా. ఇదైతే ఊరికే వస్తాంది గదా."

గుమ్మంలో నిలబడ్డ జెస్సీ తండ్రి ఏసయ్య నవ్వలేదు. బడిలో అటెండరు పని చేసి రిటైరైన మనిషి. "బొమ్మల కార్డులాడనీకి బెంగుళూరు దాకా పోయేదాన్ని ఈ పాపనే చూస్తాండా," అన్నాడు.

"ఆడనీకి గాదు నాయనా, పనికి. కార్డులమ్మే అంగడాయన పోటీ పెడతాండాడు. ఆట చూసి అంగట్లో పనిస్తామన్నారు."

"ఇయ్యకుంటే సోమవారం బండికే వచ్చెయ్యల్ల. బీయెడ్‌లో చేరుస్తా. మళ్లా ఆ ఫోను, ఆ కార్డులు నా కంటికి కనపడకూడదు."

ఆ మాట లీలావతి చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. పని ఇవ్వకుంటే సోమవారం వచ్చేస్తుంది.

లీలావతిది ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర జిరాక్సు అంగడి. చదివింది అయిదో తరగతి. మిగిలిన చదువంతా మెషీను మీదికి వచ్చిన కాగితాల నుంచే నేర్చుకుంది. ఒకసారి ఎవరో కాలేజీ పిల్లవాడు రంగు జిరాక్సు తీయమని ఒక కార్డుల కట్ట ఇచ్చి వెళ్లి మళ్లీ రాలేదు. పేకముక్కలు కావవి. ఒక్కో కార్డు మీద ఒక్కో మృగం, కింద చీమల్లా ఇంగ్లీషు అక్షరాలు. వస్తాడేమోనని ఏడాది దాచింది. మధ్యాహ్నాలు బేరాల్లేనప్పుడు తీసి కూడబలుక్కుంది. ఫోనులో ఒక యాప్ ఉందని తెలిసింది. కెమెరా పెడితే చాలు, కార్డు పేరేమిటో, దాని బలమెంతో చెప్పేస్తుంది. ఇంకో యాప్‌లో ఆట నియమాలు, మరో యాప్‌లో మన దగ్గరున్న కార్డులతో అరవై కార్డుల కట్ట ఎలా కట్టుకోవాలో. చుట్టుపక్కల ఆడేవాళ్లెవరో చూపించే యాప్ కూడా ఒకటుంది. అందులో వెతికితే ఆళ్లగడ్డలో ఎవరూ లేరు. నంద్యాలలో ఒక్కరున్నారు.

ఎవరో మీసాలు రాని కుర్రవాడనుకుని పోయింది. అవతల జెస్సీ కూడా అలాగే అనుకుని వచ్చింది. బస్టాండు హోటల్లో ఇద్దరూ అరగంట ఒకరినొకరు దాటుకుంటూ తిరిగారు. "నువ్వా అత్తా!" అని జెస్సీ పడీపడీ నవ్వింది. చుట్టరికం లేకపోయినా ఆనాటి నుంచి అత్తే. రెండేళ్లుగా ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఈ గదిలో ఆట. ఆటలో ఎవరికెన్ని ప్రాణాలు మిగిలాయో ఆ లెక్కకు మొదట్లో చింతగింజలు పెట్టుకునేవారు, తర్వాత దానికీ యాప్ వచ్చింది.

మంచి కార్డులు పిరం, ఒక్కరే కొనలేనంత ధర. ఆరింటిని మాత్రం ఇద్దరూ కలిసి కొన్నారు. ఒక్కొక్కటి ఒక్కటే. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆ ఆరూ మంచం నడుమ ఉంటాయి. వాటికి బదులు ఇద్దరి కట్టల్లోనూ ఆరేసి చీటీలు, మామూలు కార్డు మీద అంటించి కవర్లో దూర్చినవి. చీటీ ఎవరికి ముందు వస్తే వాళ్లు నడుమ నుంచి అసలు కార్డు తీసుకోవాలి. యాప్‌లో మాత్రం రెండు కట్టలకీ ఆ ఆరూ రాసి ఉన్నాయి. ఎప్పుడు తెరిచినా అరవైకి అరవై, పక్కన పచ్చ గుర్తు. కవర్లు తొడగడం, డబ్బాలు సర్దడం లీలావతి పని. జెస్సీ ఏనాడూ డబ్బా విప్పి లెక్క చూసుకోలేదు. ఫోను చూసుకునేది.

"అత్తా, చీటీలు తీసేసి ఆ ఆరూ నా డబ్బాలో పెట్టు. ఆడ చీటీలు చెల్లవు. గెలిచినా ఓడినా నీవి నీకు పంపిస్తా," అని చెప్పి జెస్సీ స్నానానికి వెళ్లింది.

లీలావతి డబ్బా తెరిచింది. ఒక చీటీ తీసింది కూడా. ఏడుతలల నక్క. అసలు కార్డు ఎడమ చేతిలో ఉంది.

ఆమె భర్త పుల్లయ్య శ్రీశైలం డ్యాము పనికని రెండు రోజులకు పోయాడు. అక్కడ ప్రమాదంలో చనిపోతే తెచ్చి చూపించడానికి శవం కూడా మిగల్లేదు. అప్పటి నుంచి ఎవరు చెప్పులు వేసుకుంటున్నా ఆమెకు గుండె దడ. ఈ పిల్ల గెలిస్తే పోతుంది. ఓడిపోతే సోమవారం ఈ మంచం మీదే ఉంటుంది. కనీసం కార్డుల కోసమైనా వస్తుంది.

తీసిన చీటీ మళ్లీ కవర్లో దూర్చింది. ఆరు కార్డులూ రుమాల్లో చుట్టి తన చేతిసంచిలో వేసుకుంది.

"పెట్టినావా అత్తా?" తల తుడుచుకుంటూ జెస్సీ అడిగింది.

"పెట్టినాలే."

స్టేషన్లో బండి కదిలేముందు కిటికీ లోంచి మళ్లీ అడిగింది. "ఆరూ పెట్టినావు గదా?"

"పెట్టినాను పాపా. జాగ్రత్తగా పో."

శనివారం మధ్యాహ్నం లీలావతి ఫోను చేసింది. చెప్పేద్దామనే చేసింది. జెస్సీ ఎత్తలేదు. గంట తర్వాత జెస్సీ తిరిగి చేసినప్పుడు అంగడి నిండా ఆధార్ కాగితాలతో జనం.

"ఏందత్తా, చేసినావు?"

"ఏం లే. తిన్నావా?"

"తిన్నా. రేపు పదింటికి మొదలు. యాప్‌లో నా పేరు కనపడతాది, చూస్తా ఉండు."

"సరేలే," అని పెట్టేసింది.

ఆదివారం మెషీను ఆపి, ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. పోటీలో ఎవరితో ఎవరు ఆడుతున్నారో వరుసగా పేర్లు. జెస్సీ, నంద్యాల. బల్ల నంబరు పదకొండు. పావుగంటకే ఆ పేరు బూడిద రంగులోకి మారింది. పోటీ నుంచి తీసేశారట.

ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్క నిమిషం, లీలావతికి సంతోషం వేసింది. ఆ వెంటనే ఫోను మోగింది.

"అత్తా, మొదట తీసిన కార్డుల్లోనే రెండు చీటీలు వచ్చినాయి."

లీలావతి చేతిసంచిని దగ్గరికి లాక్కుంది.

"ఎదురుగా కూసున్నోడు ఎత్తి అందరికీ చూపిచ్చినాడు. ఇదేం భాష అన్నాడు. నీ అచ్చరాలత్తా. 'ఏడుతలల నక్క, నడుమ నుంచి తీస్కో' అని. అందరూ నవ్వినారు. జడ్జి వచ్చి డబ్బా అంతా పరిచి చూసినాడు. లేని కార్డులు ఉన్నట్టు రాసిచ్చినావు, మోసం కిందికే వస్తాదన్నాడు. అంగడాయన నా పక్క చూడనే ల్యా."

"మర్సిపోయినా పాపా. పనిలో పడి..."

"మర్సిపోయినావా?"

"నా తావనే ఉండాయి, బద్రంగా. రేపు వచ్చి తీస్కపో."

అవతల బస్సుల హారన్లు వినిపించాయి.

"రెండు తూర్లు అడిగితి. రెండు తూర్లూ పెట్టినా అంటివి."

"కోపం జేస్కోవాకు పాపా."

"కోపం గాదు. నాయనకు చెప్పాకు." ఫోను పెట్టేసింది.

సోమవారం బండికి ఏసయ్య స్టేషనుకు పోయాడు. లీలావతి కూడా పోయి అతనికి కాస్త దూరంగా నిలబడింది. బండి వచ్చింది, దిగేవాళ్లు దిగారు, బండి పోయింది. "బట్టల గోడౌన్లో పని జూసుకున్యాదంట," అన్నాడు ఏసయ్య సాయంత్రం, కూతురితో ఫోనులో మాట్లాడాక. "నంద్యాల పేరెత్తితే ఏడుస్తాంది. ఏమైందో నీకన్నా తెల్సా అమ్మా?" ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆ వారమే యాప్‌లో ఇద్దరూ కలిపి రాసుకున్న కట్టలు కనపడకుండా పోయాయి. లీలావతి నంబరు నుంచి పోయే ఫోన్లు కలవడం మానేశాయి. ఆమె మూడు రోజులు కూర్చుని ఒక ఉత్తరం రాసింది. మరిచిపోలేదు, దాచుకున్నాను, నువ్వు పోకూడదనే దాచుకున్నాను అని. ఉత్తరం, ఆరు కార్డులు ఒకే కవర్లో పెట్టి, ఏసయ్యను అడిగి తెలుసుకున్న గోడౌను అడ్రసుకు రిజిస్టర్డు పోస్టులో పంపింది. తీసుకోనన్నారని ముద్ర వేసి, విప్పకుండానే తిరిగొచ్చింది.

మరుసటి వేసవిలో ఏసయ్య నంద్యాల ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి పోయాడు. ఇంటి అడ్రసు ఎవరికీ ఇచ్చి పోలేదు.

జెస్సీ నంద్యాల విడిచింది 2023 జూన్ తొమ్మిది, శుక్రవారం. మళ్లీ రాలేదు.