డాబా మీద తెల్లరంగు

బ్రష్షు ముంచి, డబ్బా అంచుకి రెండుసార్లు ఒత్తి, పెయింటరు మెట్ల పక్కనుంచే మొదలుపెట్టాడు. ఎండ ఇంకా ముదరలేదు. నిన్ననే ఊడ్చి, కడిగి ఆరబెట్టిన డాబా బూడిదరంగులో బోసిగా ఉంది. దాని మీద మొదటి తెల్లపట్టీ పడగానే అతని ఒళ్ళు పులకరించింది. ముప్ఫై రెండేళ్ళుగా ఊరందరి గోడలకీ రంగులేస్తున్న మనిషి, సొంత ఇంటికోసం కొత్త డబ్బా మూత తీయడం ఇదే మొదటిసారి.

కింద ఉన్న రెండు గదులకీ మిగులు రంగులే. ఒక గోడ బడి పసుపు, ఇంకో గోడ ఆసుపత్రి ఆకుపచ్చ, వంటింటి తలుపు ఎవరో డాక్టరమ్మగారి మెట్ల గులాబి. "మనింటి గోడలు చూస్తే చాలు, నువ్వెక్కడెక్కడ పనిచేశావో చెప్పెయ్యొచ్చు" అని భార్య ఎగతాళి చేసేది.

ఈ వేసవిలో ఆ ఎగతాళి తగ్గింది. పోయిన వారం ఆవిడ కుట్టుమిషను ముందే రెండుసార్లు సొమ్మసిల్లి పడిపోయింది. ఆ వేడి గదిలో ఉంచొద్దన్నాడు డాక్టరు. రెండు నెలలు తన దగ్గరికి పంపించమని ఆవిడ అక్క కబురు పెట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో మొగుడూ పెళ్ళాలు రెండు రోజులు విడిగా ఉండి ఎరగరు. ఇవాళ గది చల్లబడకపోతే రేపు పొద్దున్నే బస్సు. సర్దిన సంచి గుమ్మం పక్కనే ఉంది.

ఏసీ పెడితే వైర్లు కాలిపోతాయన్నాడు కరెంటు పనివాడు. కూలరుకి నీళ్ళేవీ? కుళాయి వచ్చేదే రోజు విడిచి రోజు. కిటికీలకి తడి దుప్పట్లు కట్టారు; గంటలో ఎండి అట్టల్లా బిగుసుకున్నాయి. చివరికి అతనికి పనులిచ్చే మేస్త్రీ చెప్పాడు: "వేడి కిటికీలోంచి రావట్లేదురా, నెత్తిమీంచి దిగుతోంది. డాబాకి తెల్లరంగు కొట్టు. కొట్టాక ఆరు గంటలు మాత్రం అడుగు పెట్టకు."

గది ఎంత కాగిందో తెలుసుకోవడానికి భార్య దగ్గరో కొలత ఉంది. మధ్యాహ్నం మూడింటికి స్టూలెక్కి, సీలింగుకి అరచెయ్యి ఆనించి లెక్కపెడుతుంది. నిన్న నాలుగు అనేలోపే చురుక్కుమని చెయ్యి లాగేసుకుంది.

పది గంటలకల్లా డాబా పాలపొంగులా మెరిసిపోతోంది. పెయింటరు నడుం నిటారు చేసి, మురిసిపోతూ మెట్లకేసి చూశాడు. మెట్లు ఆ చివర ఉన్నాయి. తనేమో ఈ మూల, పీటంత జాగాలో, చుట్టూ పచ్చి రంగుతో నిలబడి ఉన్నాడు. గుమ్మం దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళ్ళడం గోడలకి రంగులేసిన చేతికి అలవాటు. గోడల మీద ఎవరూ నడవరు కదా!

"ఏమేవ్! నేనిక్కడ ఇరుక్కుపోయానే!"

మెట్లెక్కి వచ్చిన భార్య నడుం పట్టుకుని మరీ నవ్వింది. సందు అవతలి డాబా మీంచి పక్కింటి వదిన అందుకుంది: "అన్నయ్యగారూ, పడవ పంపించమంటారా?"

"పడవ వద్దుగానీ, ఓ గొడుగు విసిరెయ్యమ్మా!"

గొడుగు ఎగిరొచ్చి చేతుల్లో పడింది. గోడవారగా దిగిపోదామంటే నిచ్చెన పని దగ్గరే ఉండిపోయింది. పొడుగాటి రోలరు కర్రని మెట్లదాకా చాపితే, భార్య దానికి నీళ్ళసీసా, అన్నం డబ్బా కట్టి పంపింది.

పన్నెండు దాటింది. "ఇక చాలయ్యా, అడుగులు పడితే పడనీ, దిగిరా" అంది ఆవిడ.

"అడుగు పడిన చోట మళ్ళీ ఎండ దూరుతుంది. ఒక్క మచ్చ ఉండకూడదు. నువ్వు నీడకి పో ముందు."

ఎడమ భుజం లాగుతోంది. పొద్దుట్నుంచీ రంగుడబ్బా మోసిన భుజం లాగక ఏం చేస్తుందిలే అనుకున్నాడు. కళ్ళు జిగేల్మంటున్నా ఆ తెలుపునే చూస్తూ కూర్చున్నాడు. మూడెప్పుడవుతుందా అని పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లాడిలా ఉంది అతని ప్రాణం.

మూడయింది. కింద స్టూలు జరిగిన చప్పుడు.

"ఆనించావా?" కేకేశాడు.

"ఆనించా! ఒకటి... రెండు... మూడు... నాలుగు..." కిటికీలోంచి ఆవిడ గొంతు పైకొస్తోంది. "పది! ఏమయ్యా, కాలట్లేదు! పది!"

"ఆపకు! లెక్కపెట్టు!"

"ఇరవై... ముప్ఫై... గోరువెచ్చగా ఉందంతే! నేనెక్కడికీ పోను, సంచి విప్పేస్తున్నా! అక్కకి కబురు చెయ్యి!"

పైన అతను గట్టిగా నవ్వడం వినిపించింది.

ఆవిడకి హుషారొచ్చింది. అరవై, డెబ్భై... చెయ్యి మార్చి మళ్ళీ ఆనించింది. "తొంభై తొమ్మిది... వంద! వందయ్యా! విన్నావా?"

కిటికీ వైపు తల తిప్పి మళ్ళీ కేకేసింది.

"నిద్రపోయావా?"

ఆవిడ స్టూలు దిగి పైకెళ్ళింది. అటుచివరన అతను పిట్టగోడకి జారగిలబడి ఉన్నాడు. గొడుగు పక్కకి దొర్లిపోయింది. తెల్లరంగు అంటిన కుడిచేతి వేళ్ళు రెండు మడిచి ఉన్నాయి, ఆవిడతో పాటు లెక్క వేస్తున్నట్టు. ఆవిడ డాబాకి అడ్డంగా పరిగెత్తింది. రంగు ఎప్పుడో ఆరిపోయింది. ఒక్క అడుగు కూడా పడలేదు.

గుండె ఆగిపోయిందని చెప్పాడు డాక్టరు.

ఆవిడ అక్క ఇంటికి వెళ్ళలేదు. మిషను అదే గదిలో నడుస్తోంది. తర్వాతి వేసవికి మేస్త్రీ బ్రష్షు పట్టుకొచ్చి, పెయింటరు కూర్చున్న చోట రంగు పడకుండా మిగిలిన ఆ కాస్త మూలా పూసేస్తానన్నాడు. వద్దంది.

ఇప్పటికీ మూడింటికి ఆవిడ స్టూలెక్కుతుంది. సీలింగంతా చల్లగానే ఉంటుంది. ఆ మూల, పీటంత మేర మాత్రం, చెయ్యి ఆనిస్తే వేడిగా ఉంటుంది.