కాదనే హక్కు

ప్రాక్టీసు మధ్యలో మేనేజర్ అనంత్ మల్లికార్జున్‌ని పక్కకు పిలిచాడు. రెండు నిమిషాలైనా పట్టలేదు. తిరిగొచ్చిన మల్లి చేతిలోని బంతి కెప్టెన్ కిరీటికి ఇచ్చేశాడు.

"నన్ను ఎడ్మంటన్ టీముకి ట్రేడ్ చేశారంటన్నా. ఎల్లుండికల్లా అక్కడుండాలంట."

మల్లి కెనడాలోని బ్రాంప్టన్ క్రికెట్ టీములో ఫాస్ట్ బౌలర్. అతని భార్య ప్రియ బ్లడ్ క్యాన్సర్‌తో దగ్గర్లోని హామిల్టన్ ఆసుపత్రిలో ఉంది. ఎడ్మంటన్ అక్కణ్ణుంచి విమానంలో నాలుగు గంటల దూరం. ఆ సంగతి అనంత్‌కీ తెలుసు.

వారం కిందట ఎడ్మంటన్ వాళ్లు అడిగింది మల్లిని కాదు, కిరీటిని. కిరీటి కాంట్రాక్టులో నో-ట్రేడ్ క్లాజు ఉంది. అతను ఒప్పుకోకుండా క్లబ్బు అతన్ని మరో టీముకి ఇవ్వడానికి లేదు. పేరున్న ఒకరిద్దరికే దక్కే రక్షణ అది. కూతురి చదువు పాడవుతుందని కిరీటి కాదన్నాడు. దాంతో క్లబ్బు కాదనలేనివాణ్ణి వెతుక్కుంది.

"వెళ్లనని చెప్పెయ్ రా."

"చెప్తే సస్పెండ్ చేస్తారు. నా వర్క్ పర్మిట్ ఈ లీగు మీదే ఉందన్నా. అది పోతే ఈ దేశంలోనే ఉండనివ్వరు. ప్రియనెవరు చూస్తారు?"

మల్లి వెళ్లాడు. పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం అతను ఎడ్మంటన్‌లో బౌలింగ్ చేస్తుండగా ప్రియ చనిపోయింది. ఆఖరి వేళ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నది కిరీటి భార్య సుధామయి. "మల్లి బయల్దేరాడా?" అని రెండుసార్లు అడిగిందట. సుధామయి బయల్దేరాడని అబద్ధం చెప్పింది.

అంత్యక్రియల మర్నాడు ఆటగాళ్లంతా వీరభద్రం అద్దెకుండే బేస్‌మెంట్‌లో చేరారు. తెలుగువాళ్లు, పంజాబీలు, గయానా వాళ్లు. చోటు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. పగలు గోదాములో పనిచేసి సాయంత్రాలు స్పిన్ వేసే వీరభద్రం సూటిగా కిరీటినే అడిగాడు.

"నువ్వు కాదన్నావు కాబట్టే వాణ్ణి పంపారు. అవునా, కాదా?"

"అవును. తిట్టండి, పడతా."

"నిన్ను తిడితే రేపు ఇంకొకణ్ణి పంపరా? ఆ కాంట్రాక్టులు రాసింది నువ్వా?"

"మన పర్మిట్లు పోతేనో?" మెట్ల మీంచి ఎవరో అన్నారు.

"అందరివీ పీకేస్తే గ్రౌండులో ఎవడాడతాడు?" అన్నాడు వీరభద్రం.

గోడకానుకుని కూర్చున్న మల్లి అప్పుడు నోరు విప్పాడు. "నేనొక్కణ్ణే అనలేకపోయా. ఆ రోజు మీరంతా కూడా అనుంటే..."

ఎవరూ తలెత్తి అతని వంక చూడలేకపోయారు.

శనివారం బ్రాంప్టన్‌లోనే ఎడ్మంటన్‌తో మ్యాచ్. టాస్ వేళకి కిరీటి, వెనకే మిగతా పదిమందీ వచ్చి పిచ్ మీద కూర్చున్నారు. అనంత్ పరుగెత్తుకొచ్చాడు.

"నీకు క్లాజు ఉంది కదా కిరీటీ! నీకేం తక్కువైంది?"

"అది అందరికీ కావాలి. ఒప్పుకోకుండా ఏ ఆటగాణ్ణీ కదపకూడదు. రాసివ్వండి, లేచి ఆడతాం."

"నువ్వు సస్పెండ్. ఇప్పుడే, ఇక్కడే."

సెక్యూరిటీ వాళ్లు కిరీటిని రెక్కలు పట్టి లేపారు. బౌండరీ దాకా ఈడ్చుకెళుతుంటే అతను వెనక్కి తిరిగి చూశాడు. తనని లేపిన చోట మల్లి కూర్చుంటున్నాడు, ఒంటి మీద ఎడ్మంటన్ జెర్సీతోనే. పెవిలియన్ తలుపు తీసుకుని ఎడ్మంటన్ ఆటగాళ్లు బ్యాట్లు లేకుండా, ప్యాడ్లు లేకుండా బయటికొచ్చారు. నడుచుకుంటూ వెళ్లి ఒక్కొక్కరే మల్లి పక్కన కూర్చున్నారు.