చిలుకకొయ్యల గది

మాఘమాసమున నొక ప్రభాతమునందు తూర్పుదిక్కు పలుచని కుంకుమపూతను దాల్చుచుండగా గౌతమీనది వానకాలపు టెఱ్ఱని యుద్ధతినంతయు విడిచి నిర్మలసలిలయై మందగమనయై యిసుకతిప్పల నడుమ ప్రవహించుచుండెను. నీటిమీదినుండి లేచిన మంచు ఱెల్లుదుబ్బులను గప్పి యెదుటి లంకలను గనరాకుండ జేసి పడవల తెరచాపలకు మొదలు లేనట్లును కొన లేనట్లును భ్రాంతి గొల్పుచుండగా నెక్కడనో చుక్కాని పట్టినవాని కేకయు దానికి బదులు పలికిన మఱియొకని కేకయు మాత్రము నీటిమీద జాఱి వచ్చి గట్టునకు దాకుచుండెను. చేపలు పైకి వచ్చి బుడగలు విడుచు వేళ యది. గాలము వేయువారికి సంవత్సరమంతటిలో నంతకంటె మంచి దినములు లేవు.

ఆ తీరమున రాయవరపులంక యను గ్రామమునందు సోమరాజుగారి లోగిలి యుండెను. ఆయన క్షత్రియవంశ్యుడు. చాలినంత భూవసతి గలవాడు. మితభాషి. జూదమునందుగాని సంగీతమునందుగాని యాయనకు మక్కువ లేదు. ఉన్న వ్యసన మెల్ల గాలపు వేట యొక్కటియే. పండుగప్పను గాలమున బట్టి యలయించి గట్టెక్కించుటలో నాయనను మించినవాడు గౌతమి కీవల నావల లేడని ప్రతీతి. అస్సాము నుండి పేపబెత్తములును మన్యమునుండి గణుపు దూరమైన వెదుళ్ళును చెన్నపట్టణమునుండి చీల్చి యతికిన సీమకఱ్ఱలును దెప్పించి యాయన చేర్చిన గాలపుగఱ్ఱలను జూచుటకై దూరగ్రామములనుండి బంధువులు వచ్చుచుండిరి.

ఆ కఱ్ఱలకై యింటిలో నొక గది ప్రత్యేకింపబడి యుండెను. దానికి రెండు ద్వారములు. ఒకటి పురుషులు కూర్చుండు చావడిలోనికిని మఱియొకటి స్త్రీలు మెలగు లోపలి వాకిటిలోనికిని దెఱచుకొనును. గోడలపొడవున వరుసగా చిలుకకొయ్యలు దిగగొట్టి యుండెను. ఒక్కొక్క కొయ్యకు నొక్కొక్క కఱ్ఱ కొస పైకిని మొదలు క్రిందికినిగా నూలుసంచిలో నిమిడి నేల కంటక వ్రేలాడుచుండెను. తన బరువున దానే నిలువుగా సాగి వ్రేలాడిన కఱ్ఱ వంకర పోదు. గోడ కానించి నిలిపిన కఱ్ఱ యొక్క వర్షర్తువులో విల్లగును. బరువైనవి చావడి ద్వారముచెంతను సన్ననివి లోపలి మూలను వ్రేలాడుచుండెను. గాలములు బెండుముక్కలకు గ్రుచ్చబడి నూనెబట్టలో జుట్టబడి యుండెను. సంచులలో వస కొమ్ములును ఎండిన వేపాకును ఉండుటచే నాగదిలో నడుగిడినవారికి నేటివాసన గాక యౌషధశాల వాసన తగులుచుండెను.

ఈ విన్యాసమంతయు సోమరాజుగారి భార్య యచ్చాయమ్మది. ఆమె కాపురమునకు వచ్చిన తొలియేట నా కఱ్ఱలు మూలలో కట్టెలమోపువలె బడియుండి కొన్ని చెదలచే గుల్లలై కొన్ని బూజుపట్టి యుండెను. ఎవ్వరును జెప్పకయే యామె వానిని దీసి తుడిచి యవిసెనూనె రాచి యెండ తగులని గాలిలో నారవేసి చిలుకకొయ్యలు కొట్టించెను. నాటనుండి వేటనుండి వచ్చిన కఱ్ఱలను పోలయ్య యను నౌకరు చావడివైపునుండి లోనికి దెచ్చి దింపుటయు నామె లోపలి ద్వారమున వచ్చి వానిని గైకొని కొసల పట్టుదారము సడలినచోట మరల జుట్టి లక్కపూత పూసి తగిన కొయ్యకు దగిలించుటయు నలవాటయ్యెను. పిల్లలు లేని యా యిల్లాలికి వానకాలపు దీర్ఘమధ్యాహ్నములు ఆ గదిలోనే గడచుచుండెను.

అయినను గౌతమి యొడ్డు నామె యెన్నడును జూచి యెఱుగదు. ఆ వంశస్త్రీలకు ఘోషా. ప్రాకారము దాటవలసినప్పుడు తెరల మేనాలోనే దాటవలెను. పుట్టింట ఘోషా పట్టని పసితనమున తాతగారి ప్రక్కను కాలువగట్టున గూర్చుండి గాలము పట్టిన దినములు కొన్ని యామెకు గలవు. నీటిలో కనబడని ప్రాణి యొకటి త్రాటిని లాగగా దాని యదురు కఱ్ఱవెంట బ్రాకి మణికట్టునకు దాకిన యా క్షణమును ఆమె శరీరము మఱువలేదు. ఒకనాడు భర్త ప్రసన్నుడై యున్న వేళ తెరలు గట్టిన పడవలో దన్నొక్కసారి తీసికొనిపొమ్మని యడిగెను.

"మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏటిమీదికి వెళ్ళడం ఎక్కడైనా ఉన్నదా? నలుగురూ ఏమనుకుంటారు?" అని యాయన కోపింపకయే పలికి తాంబూలము నోట వేసికొనెను. ఆమె మఱల నడుగలేదు. కాని యా వర్షర్తువున నొక సన్నని పేపబెత్తమును దీసికొని తన చేతి కొలతకు జెక్కి పిడికి నారచుట్టి కొసకు నీలిపట్టుదారము బిగించి లోపలి మూల కొయ్యకు దగిలించెను. అది యెవ్వరి చేతికిని బోలేదు. ఎవ్వరును నడుగలేదు.

ఆ మాఘప్రభాతమున సోమరాజుగారికి నతిథులు వచ్చిరి. కాలువల పనులు చూచు నింజనీరుదొరయు నాతని భార్యయు ముందురాత్రియే బంగళాపడవలో వచ్చి రేవున దిగియుండిరి. దొరసాని తెల్లటోపి పెట్టుకొని చావడిలోనికి నడచివచ్చి తానును గాలము వేసెదనని చెప్పగా సోమరాజుగారు మిక్కిలి సంతసించి స్వయముగా గదిలోనికి వచ్చెను. లోపలి ద్వారపు కొయ్యజాలికి వెనుక నచ్చాయమ్మ నిలిచియుండెను. ఆయన చేయి బరువైన కఱ్ఱలను దాటి నడిమి వరుసను దాటి మూల కొయ్యకడ నాగెను. సంచి విప్పి యా పేపబెత్తమును జూచి యెచ్చటినుండి వచ్చినదో యొక్కింత యాలోచించి జ్ఞప్తికి రాక యా యాలోచన విడిచి దానిని గైకొని చావడిలోనికి బోయెను.

"ఇది తేలిక. ఆడవారి చేతికి సరిపోతుంది" అని యాయన దొరసానితో ననుట యచ్చాయమ్మ వినెను.

నాటి మధ్యాహ్నము వారు తిరిగివచ్చునప్పటికి దొరసాని ముఖ మెండకు గందియున్నను నానందముచే వెలుగుచుండెను. ఆమె పట్టిన చేప చావడి నేలపై నింకను దోక గొట్టుకొనుచుండెను. అంతటి తేలికకఱ్ఱ యంత చేపకు వంగియు విఱుగకుండుట తా నెచ్చటను జూడలేదనియు నిన్ని కఱ్ఱలను గాలువల తేమలో నింత తిన్నగా నిలిపినవా రెవ్వరనియు నామె యడుగగా ఆ మాటను దొరగారి గుమాస్తా తెలుగున జెప్పెను. జాలివెనుక నచ్చాయమ్మ యొక యడుగు ముందునకు జరిగెను. భర్త తన పేరు చెప్పునని యామె యాశింపలేదు. పురుషుల సభలో నది పొసగదు. ఇంటిలోనివారని యొక్కమాట యనినను జాలును.

"మా పోలయ్య. వాడి చేతి చలవే అదంతా" అని సోమరాజుగారు నౌకరును ముందునకు బిలిచెను. ఆ స్వరమున గపటము లేదు. నిజముగా నాయన యట్లే యెఱుగును. ఇన్ని వత్సరములు తన వెన్నుప్రక్కనే జరిగిన పనిని దన భర్త చూడనేలేదని యచ్చాయమ్మ యప్పుడు గ్రహించెను. దాచి చెప్పకుండుటయైన నామె సహించియుండును. తెలియకుండుటను సహింపజాలకపోయెను. దొరసాని తన భుజముమీది యున్నిశాలువను దీసి తెల్లబోయి నిలిచిన పోలయ్యకు గప్పెను. సోమరాజుగారు మర్యాదకు మర్యాదగా నా పేపబెత్తమును దొరసానికే బహూకరించెను.

సాయంకాలము పోలయ్య లోపలి వాకిట నిలిచి శాలువను మెట్టుపై నుంచెను.

"ఇది నాది కాదండి అమ్మగారూ. తవరికి రావలసిందండి. ఆ మగోళ్ళ మద్దిన తవరి పేరెలా ఎత్తనండి?"

"నీకిచ్చింది నువ్వే కప్పుకో పోలయ్యా" అని యామె యనెను. "నాకు రావలసింది ఏదీ ఆ గుమ్మం దాటి లోపలికి రాదు."

వేసవి గడచెను. వేట ముగిసినతఱి కఱ్ఱలన్నియు నెప్పటివలె గదిలోనికి జేరెను. మృగశిరకార్తె ప్రవేశించి తొలివాన కురిసి వాకిలి మట్టివాసన విడిచినను నచ్చాయమ్మ యా ద్వారముకడకు బోలేదు. కఱ్ఱలు తడిసంచులతోనే గోడ కానియుండెను. ఆషాఢము నడుమ పోలయ్య తల గోకికొనుచు వచ్చి వాకిట నిలిచెను.

"ముసురు పట్టిందండి అమ్మగారూ. కర్రలింకా మూల్నే ఉన్నాయండి. చెమ్మ లాగేత్తాయండి. పోనీ నన్ను తుడవమంటారా?"

"ముట్టుకోకు. నేను చెప్పేదాకా ఆ గది తలుపు తియ్యకు."

అతడు తలవంచి పోయెను. గౌతమి పోటెత్తి లంకలను ముంచి యూరి పల్లపుజేలను నింపి యింటి గోడలలోనికి జెమ్మగా నెక్కెను. ప్రక్కగదిలో గూర్చుండి యామె పత్తి యేకుచు నా నిశ్శబ్దమును వినుచుండెను. వెదుళ్ళు వంగునప్పుడు శబ్దము చేయవు. లక్క పొరలు పొరలుగా నూడునప్పుడును శబ్దము చేయదు. అయినను నవియన్నియు తన చెవుల బడుచున్నట్లే యామెకు దోచెను. రెండుమాఱులు లేచి గడియపై జేయి వైచెను. రెండుమాఱులును జాలివెనుక నిలిచి వినిన యా మాట గుర్తునకు వచ్చి చేయి వెనుకకు దీసికొనెను. ఆ పగ యామెకు దీపిగాలేదు. పథ్యపు గషాయమువలె గ్రుక్కగ్రుక్కకును జేదుగనే యుండెను. అయినను విడువలేకపోయెను.

కార్తికమున నీరు తేటపడగా సోమరాజుగారు బంధువులను వేటకు బిలిచి చావడివైపు తలుపు తెఱపించెను. బూజువాసన గుప్పున వారి ముఖముల గొట్టెను. మన్యపు వెదుళ్ళు కొడవళ్ళవలె వంగియుండెను. సీమకఱ్ఱల యతుకులు విచ్చి పేళ్ళు పేళ్ళుగా నిలిచెను. మిగిలిన పేపబెత్తములలో నొకదానిని జేతబట్టిన బంధువొకని పిడికిలిలో నది చెదమట్టియై రాలెను. ఎవ్వరును నవ్వలేదు. నవ్వకుండుటయే సోమరాజుగారికి నెక్కువ యవమానమయ్యెను.

"నమ్మి అప్పగిస్తే ఇదా నువ్వు చేసింది?" అని యాయన పోలయ్యను మెల్లగా నడిగెను. "శాలువా కప్పించుకున్నాక పని బరువైపోయిందా?"

పోలయ్య కన్ను లొక్కసారి లోపలి ద్వారముమీదికి బోయి తిరిగివచ్చెను. "తప్పైపోయిందండి బాబూ" అని యతడు చేతులు గట్టుకొనెను. యౌవనమునుండి యా లోగిలినే నమ్ముకొని తల నెఱిసిన యా వృద్ధుని సోమరాజుగారు సాయంకాలములోగా నూరు విడిచి పొమ్మనెను.

అచ్చాయమ్మ భోజనానంతరము భర్త కూర్చున్న మంచముకడకు వచ్చి నిలిచెను.

"పోలయ్య తప్పేమీ లేదండి. కర్రలు చూసేది నేను. ఈ యేడు చూడనిదీ నేనే. వాణ్ణి ముట్టుకోవద్దన్నదీ నేనే."

ఆయన చేతిలోని యాకు నట్లే పట్టుకొని యామెను దేఱి చూచెను. పిమ్మట దయతో నవ్వెను. "నువ్వా? కర్రల సంగతి నీకేం తెలుసు?"

"కొసలకు పట్టుదారం చుట్టేది నేనండి. లక్క పూసేది నేను. ఆ చిలుకకొయ్యలు కొట్టించింది నేను."

"నౌకరుమీద జాలి ఉండవలసిందే" అని యాయన యాకునకు సున్నము వ్రాయుచు బలికెను. "దానికోసం లేని తప్పు నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. పద, నిద్ర పో."

ఆమె తన చేతులు చాచి చూపబోయెను. లక్క పూయునప్పుడు గోళ్ళ మొదట నెఱ్ఱగా బట్టి యే సున్నిపిండికిని బోని మరక యొకటి ప్రతి సంవత్సరమును నామె వ్రేళ్ళ నుండెడిది. ఆ వర్షర్తువంతయు పని మానుటచే నా వ్రేళ్ళు తెల్లగా మృదువుగా నే పనియు నెఱుగని రాజకాంత వ్రేళ్ళవలె నుండెను. చాచిన చేతులను ఆమె మరల కొంగులోనికి దీసికొనెను.

పోలయ్య యేటికి దిగువనున్న కూతురింటికి జేరి వలలు బాగుచేయుచు కాలము గడపుచున్నాడని దాసి మంగ కొన్నాళ్ళకు వార్త తెచ్చెను. అచ్చాయమ్మ తనకై భర్తతో మాటాడినదని విని యతడు తలపాగ తీసి కన్ను లొత్తుకొనెనట.

"అమ్మగారు నా తరపున నోరిప్పారంట గదా, అది చాలన్నాడమ్మా" అని మంగ చెప్పెను.

అది చాలదని యచ్చాయమ్మకు దెలియును. అతడు దన్ను దూషించి శపించియుండినచో నామె కొకింత తేలికగా నుండెడిది. ఆ పూట విస్తరి ముందు గూర్చుండి లేచిపోయెను.

పుష్యమున చెన్నపట్టణమునుండి క్రొత్తకఱ్ఱలును అద్దపుదలుపుల బీరువాయు వానిని జూచుటకు జీతగాడొకడును వచ్చిరి. ఆ జీతగాడు గదిని బరీక్షించి చెమ్మ యంతయు లోపలి వాకిటినుండియే వచ్చుచున్నదని నిశ్చయించెను. మఱునాడే తాపీవాండ్రు వచ్చి లోపలి ద్వారపు దలుపులూడదీసి యిటుకలు పేర్చి సున్నము మెత్తిరి. అచ్చాయమ్మ వాకిటి స్తంభముచాటున నిలిచి చూచుచుండెను. కొలదిదినములవఱకు ఆ చోటు పచ్చిగా చుట్టునున్న గోడకంటె నల్లగా గనబడెను. పిమ్మట నదియు నారి తెల్లగోడతో నొక్కటై యచట నొకప్పుడు ద్వారముండెనని చెప్పినను నమ్మువారు లేనట్లయ్యెను.

చేసిన మేలునకు గర్త యెవ్వరో యెఱుగని గృహమునందు చేసిన కీడునకును గర్త దొరకడు. అట్టిచోట శిక్ష మాత్రము త్రోవ తప్పక బలహీనుని గుడిసెను వెదకికొని పోవును.