కత్తి పోవలసిన పక్క

1956 ఫిబ్రవరి 18, శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలు. ఇంగ్లండులోని హాలిఫాక్స్ మీద తూర్పుగాలికి పొడిమంచు ఏటవాలుగా కురుస్తోంది. థియేటరు వెనుక గుమ్మంలో డెస్మండ్ థాక్రే బూట్లు దులుపుకుంటూండగా, క్లిఫర్డ్ పెల్ రెండు మొండికత్తులు చంకన పెట్టుకుని ఎదురొచ్చాడు.

"రారా దొరా! ఒక్కసారి మెల్లగా ఆడేసుకుందాం."

ప్రతి ఆటకూ ముందు కత్తియుద్ధాన్ని నిదానంగా నడిపి చూసుకోవడం ఆ వృత్తిలో ఆచారం. ఏళ్ల తరబడి వేదికపై ఒకరినొకరు చంపుకుని, ఆట ముగిశాక ఒకే బల్ల దగ్గర బీరు తాగిన ఆ ఇద్దరూ దాన్ని ఏనాడూ మానలేదు. అయితే డెస్మండ్ తన తొలి సినిమా ముగించుకుని లండన్ నుంచి నిన్ననే తిరిగివచ్చాడు. రెండవ సినిమా ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి నిర్మాత ఈ ఆటకే వస్తున్నాడు. నలభైకి చేరువైన నటుడి కోసం అటువంటి మనిషి మళ్లీ రాడు.

"వద్దురా. ఉన్న ఊపంతా ఇక్కడే పోతుంది. నిద్రలో లేపినా నిన్ను పొడవగలను."

"సినిమావాడివైపోయావు! అక్కడ చెమట పట్టకుండానే చంపుతారటగా?"

"నువ్వు గట్టిగా అరువు, చాల్లే."

క్లిఫర్డ్ నవ్వి కత్తులు లోపలికి తీసుకుపోయాడు.

వేదికపై ఆ యుద్ధంలోని చివరి పోటు ఎదుటివాడి ముఖాన్ని దాటి, ప్రేక్షకులకు కనబడని పక్కగా పోవాలి. ఎదుటివాడు తలను ప్రేక్షకుల వైపు వంచి తప్పుకుంటాడు. సినిమాలో అలాంటి పోటు తీసినప్పుడు కెమెరా ఆ కనబడని పక్కనే ఉండేది. అందుచేత డెస్మండ్ చేయి అదే పోటును ఇటు, ప్రేక్షకుల పక్కకు పొడవడం నేర్చుకుని వచ్చింది. ఒక్కసారి మెల్లగా ఆడి ఉంటే ఆ సంగతి బయటపడేది.

చివరి అంకంలో అన్నగా డెస్మండ్, తమ్ముడిగా క్లిఫర్డ్ తలపడ్డారు. బల్ల తిరగబడింది. కత్తులు నిప్పులు రాల్చాయి. డెస్మండ్ పొడిచాడు. క్లిఫర్డ్ నమ్మకంగా తల వంచి, సరిగ్గా కత్తిమొనకే కన్ను అప్పగించాడు. మెత్తటిదేదో చితికినట్టు పిడిదాకా తెలిసింది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతూండగా క్లిఫర్డ్ మోకాళ్ల మీద కూలాడు.

"డెస్... కన్నురా... ఆపు."

వేదిక పక్కన, తెర దించే పని చూసే విన్నీ తాడు పట్టుకుని, డెస్మండ్ తల ఊపితే దించేద్దామని చూస్తోంది. డెస్మండ్ మూడవ వరుస వైపు చూశాడు. నిర్మాత ముందుకు వంగి కూర్చున్నాడు. నాటకంలో తరువాతి పని తమ్ముడిని జుట్టు పట్టి మెట్లదాకా ఈడ్చి, తలను నేలకు కొట్టడం. డెస్మండ్ ఈడ్చాడు. కొట్టాడు. మళ్లీ కొట్టాడు. చప్పట్లకు హాలు అదిరింది.

"నువ్వసలు మనిషివేనా?" అంది విన్నీ, తెర పడ్డాక. "తాడు నా చేతిలోనే ఉంది. తల ఊపితే చాలు కదయ్యా!"

నిర్మాత లోపలికి వచ్చి చేయి పట్టుకుని ఊపాడు. "చంపేశారండీ! నిజం నెత్తురే అనుకున్నాను."

అది రంగేనన్న అతని నమ్మకాన్ని డెస్మండ్ చెరపలేదు. తల అంతగా కుదిలించకపోతే కన్ను దక్కేదేమోనని ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు.

1969లో డెస్మండ్ థాక్రే తన పద్నాలుగవ సినిమాలోనూ హంతకుడిగానే నటించాడు. ఆ ఏడాది క్లిఫర్డ్ పెల్ హాలిఫాక్స్‌లో కొత్త నటులకు కత్తియుద్ధం నేర్పుతున్నాడు. ముందుగా మెల్లగా ఆడి చూపనివాడిని వేదిక ఎక్కనిచ్చేవాడు కాదు.