ఆ ఇంటి పళ్ళు

నేను ఒక లక్క గిలక్కాయను. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ చెక్కి, ఎర్రలక్క, పసుపులక్క పట్టించి, పొట్టలో నాలుగు గింజలు పోసి నన్ను పుట్టించారు. నా మూతి పసివాళ్ళ చిగుళ్ళకు సరిపోయేటంత సన్నం. అప్పలనరసమ్మ తన తొలిచూలు కొడుకు పైడిరాజు కోసం నన్ను కొన్నది. అప్పుడామెకు పంతొమ్మిదేళ్ళు.

పాలు, ఆముదం, సాంబ్రాణి పొగ కలిసిన ఆ పసివాడి వాసన నేను ఇప్పటికీ మరచిపోలేదు. చిగుళ్ళు దురద పెడితే వాడి కోపమంతా నా మీదే. ఏడుపు ఆగకపోతే అప్పలనరసమ్మ నన్ను తేనెలో ముంచి నోట్లో పెట్టేది. నన్ను చప్పరిస్తూనే నిద్రపోయేవాడు. ఇంత హాయైన ఉద్యోగం మరొకటి లేదనుకునేదాన్ని.

ఏడాదిన్నరకల్లా వాడి పైపళ్ళు నల్లబడి, మొదళ్ళ దాకా అరిగిపోయాయి. కూతురివీ అంతే. ఆపైన ఇద్దరు మనవలవీ అంతే. ఎవరూ కంగారు పడలేదు.

"మా మావగారి కాడ్నించీ ఇంతేనమ్మా. మా వంశం పళ్ళు" అని ఆమె గొప్పగా చెప్పుకునేది. ఆ మావగారి పళ్ళు నల్లబడింది చుట్టపొగకని ఊరందరికీ తెలుసు. అయినా మనుషులు దేన్నైనా వంశానికి కట్టబెట్టగలరు.

పక్కింటి గౌరి జీడిపిక్కల కార్ఖానాకు పనికి పోతూ, ఎనిమిది నెలల పాపను అప్పలనరసమ్మ దగ్గర వదిలేది. మొగుడు దేముడు లారీ డ్రైవరు. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. పాపకు పళ్ళొస్తున్నాయని నన్ను అటక మీంచి దించారు. మళ్ళీ తేనె. గౌరికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఏడాది తిరక్కుండా పాప పైపళ్ళు నాలుగూ నలుపెక్కాయి.

కుళాయి దగ్గర ఒకావిడ కిసుక్కున నవ్వింది. "ఓలమ్మా, అప్పలనరసమ్మత్త ఇంటి పళ్ళు ఈ పిల్లకెలాగొచ్చినాయే?"

పాప చేతిలో నేనూ ఉన్నాను. గౌరి మొహం పాలిపోవడం చూశాను.

వారంలో ఆ నవ్వు వీధంతా పాకింది. అందరి చూపూ తన మీదే పడటంతో పైడిరాజు తలెత్తి నడవలేకపోయాడు. లారీ దిగిన దేముడు చెవినా పడింది. అతను అరవలేదు, కొట్టలేదు. "ఆదోరం మీ అమ్మోలింటికాడ దించేత్తాను" అన్నాడంతే.

శుక్రవారం అంగన్‌వాడీకి పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. గౌరి పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కనే అప్పలనరసమ్మ, ఆమె చేతిసంచీలో నేను. దేముడు గుమ్మంలో నిలబడ్డాడు.

డాక్టరమ్మ పాప పెదవి ఎత్తి చూసింది. గౌరి అందరూ వినేలా అడిగింది: "అమ్మా, ఇయ్యి రగతంలో వొచ్చే పళ్ళా?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"రక్తం కాదమ్మా, పుచ్చు. తేనో పంచదారో అస్తమానం పళ్ళకు అంటుకుని ఉంటే ఎవరి బిడ్డకైనా ఇంతే. ఏడాది నిండని పిల్లకైతే తేనె అసలే నాకించకూడదు. ఎవరు పెడుతున్నారు?"

"నానేటీ పెట్టనేదమ్మా" అంది గౌరి.

సంచీలో అప్పలనరసమ్మ చెయ్యి నన్ను బిగించి పట్టుకుంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నోరు విప్పితే, కన్నబిడ్డల పళ్ళు తన చేత్తోనే పుచ్చబెట్టానని ఊరి ముందు ఒప్పుకోవాలి. ఆ చెయ్యి చివరికి నన్ను పైకి తీసింది.

"నానే. దీన్ని తేనెలో ముంచి ఎట్టినాను. నా పిల్లలకీ, నా మనవలకీ, ఈ పిల్లకీని. వంశం నేదు, గింశం నేదు. ఒరే దేముడూ, ఇన్నావా?"

దేముడు నేల చూశాడు.

"నాకు సెప్పకుండా ఎట్టినావేటత్తా?" అంది గౌరి.

"ఏడుపు సూడనేకపోనానే."

ఆదివారం గౌరి ఎక్కడికీ వెళ్ళలేదు. సోమవారం పొద్దున్నే పాపను తెచ్చి అప్పలనరసమ్మ ఒళ్ళో పెట్టింది. "ముందు ఆ తేనెసీసా ఇటు తే" అంది. సీసా పట్టుకుని పనికి వెళ్ళిపోయింది.

ఆ రోజు పాప చాలా ఏడ్చింది. అప్పలనరసమ్మ భుజాన వేసుకుని, నడుం పట్టేసినా ఆగకుండా, సాయంత్రం దాకా వసారాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. తేనె లేని రోజు ఎంత పొడుగో గూట్లోంచి చూస్తున్న నాకు అప్పుడే తెలిసింది.