వనిత టీచర్ పిలిచిన పేరు

మరాఠీ నేల మీది తెలుగు నేతవాళ్ల పేట పద్మనగర్‌లో పొద్దున ఏడింటికి పాళీ మారుతుంది. రాత్రంతా నడిపినవాళ్లు చెవుల్లోని దూది తీసుకుంటూ షెడ్లలోంచి బయటికి వస్తారు, పగలు నడిపేవాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని లోపలికి పోతారు. సాంచాలు, ఆ మరమగ్గాలు మాత్రం ఆగవు. ఆ వేళకు వనిత టీచర్ తానుండే ఒంటిగదుల చాల్ రెండో అంతస్తు గ్యాలరీలో బట్టలు ఆరేస్తూ ఉంటుంది.

ఆ రోజు కింద నుంచి రామవ్వ తల పైకెత్తి అరిచింది.

"టీచరమ్మా, మా పెద్దులును జర పిలువవా? చాయ్ తాగకుండనే పోయిండు."

వనిత తడి చీరను తాడు మీద వేసి, కమ్మీలు పట్టుకుని, హాజరు తీసుకునే గొంతుతో "పెద్దులు!" అంది. గట్టిగా కూడా అనలేదు. వీధి చివరి షెడ్డులోంచి, నలభై సాంచాల మోతను దాటుకుని, ఏడేళ్ల పిల్లవాడి సన్నని గొంతు వచ్చింది.

"హాజర్ టీచర్!"

ఆ వెనకే నలభై దాటిన పెద్దులు మీసాలకు అంటిన దూది దులుపుకుంటూ వచ్చి, పెళ్లాం చేతిలోంచి గ్లాసు అందుకున్నాడు.

ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. వనిత దగ్గర చదివినవాళ్లు ఆమె హాజరు పిలిస్తే పలకకుండా ఉండలేరు. పలికితే ఆమె తరగతిలో కూర్చున్ననాటి గొంతే వస్తుంది. గుడి కమిటీ పెద్దలైనా, సాంచాల సేట్లయినా అంతే. పక్కనున్న నిజాంపురాలో పేరు మార్చుకుని తిరుగుతున్న ఒక మనిషిని పట్టుకుని, అతనెవరో తేల్చమని పోలీసు చౌకీవాళ్లు ఓసారి ఆమెనే పిలిపించారు. ఆ గొంతును ఎవరూ నటించలేరు.

ఆమె ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పిన తెలుగు బడి రెండేళ్ల కింద మూతపడింది. అదే ఏడు ఆమె భర్త దత్తాత్రి తన సాంచాలను తుక్కు కింద అమ్మేసి, సగం చెవుడుతో ఇంట్లో కూర్చున్నాడు. వనితకు యాభై ఏడు. ఎం.ఏ., బీ.ఎడ్. పని కావాలి.

ఇంగ్లీషు మీడియం బడిలో ఆమె కాగితాలన్నీ తిరగేసి, "మీ అనుభవానికి తగ్గ పోస్టు మా దగ్గర లేదు మేడమ్" అన్నారు. తగ్గని పోస్టయినా సరే అంటే, ఆమె వైపు ఒకలా చూశారు. వారం తిరక్కుండా ఇరవై మూడేళ్ల అమ్మాయిని పెట్టుకున్నారు. నిజాంపురాలో చీరల దుకాణం కనుకయ్య కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పుండ్రి టీచర్. మిమ్ముల ఎవలు పంపిండ్రు? టాక్సోళ్లా?"

"నన్నెవలు పంపలె. చీరలు మడత పెట్టే పని ఉందంటె వచ్చిన."

"ఎం.ఏ. చదివి చీరలు మడత పెడ్తరా?" కనుకయ్య నవ్వాడు గానీ, ఆమె లేచి మెట్లు దిగేదాకా గల్లా మీంచి చెయ్యి తియ్యలేదు.

అంజూర్ ఫాటా కూడలి దగ్గర పెద్ద గోదాంలో డబ్బాలకు లేబుళ్లు అంటించే పని ఉందని చెప్పింది శాంతాబాయి. ఆమె అక్కడ ఊడుస్తుంది. మరాఠీ మనిషే గానీ పద్మనగర్‌లో పుట్టి పెరిగింది, తెలుగు నీళ్లలా మాట్లాడుతుంది. మొదటి ఫారంలో వనిత ఉన్నదంతా రాసింది. జవాబు లేదు.

"ఎం.ఏ. గీమ్.ఏ. రాయకు టీచర్. పదో తరగతి అని రాయి, చాలు," అంది శాంతాబాయి. రెండో ఫారం అలాగే రాసింది. జవాబు లేదు. మూడోదాంట్లో వయసు కూడా తగ్గించింది. నలభై అయిదు అని రాసి ఆ అంకెను చాలాసేపు చూసింది. తనకు తెలియని మనిషెవరో అందులో కూర్చున్నట్టు అనిపించింది. దానికీ జవాబు రాలేదు.

ఒకరోజు శాంతాబాయి పైకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నీ ఫారం ఆఫీసు దాక పోతనే లేదు. సూపర్‌వైజర్ నీ పేరు చూస్తనే తీసి చింపుతుండు. మూడుసార్లూ ఆ ముక్కలు నేనే ఊడ్చిన."

"ఎవలా సూపర్‌వైజర్?"

"మీ పద్మనగరోడే. ఆడెపు రమేశ్."

వనితకు అర్థం కాలేదు. ఆడెపు రమేశ్ పోయి ఇరవై ఏళ్లయింది. పదో తరగతి పాసయిన నెలకే జ్వరం వచ్చి, పదహారేళ్లకే పోయాడు. వాడి తల్లి లక్ష్మవ్వను పట్టుకుని ఆ రోజు తాను కూడా ఏడ్చింది.

మరునాడు మధ్యాహ్నం గోదాం గేటు దగ్గరికి పోయి నిలబడింది. లారీల మధ్య నుంచి సూపర్‌వైజర్ వచ్చాడు. రమేశ్ వాళ్లన్న కిట్టు. తమ్ముడికంటే తొమ్మిదేళ్లు పెద్ద, నలభై అయిదేళ్లవాడు. వనిత టీచరై చేరిన మొదటి ఏడు మూడో తరగతిలో కూర్చున్నవాడు. జుట్టుకు నల్లరంగు వేసుకుని, మెడలో తమ్ముడి పేరున్న కార్డు వేలాడేసుకుని ఉన్నాడు. ఆమెను చూడగానే గబగబా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని లారీ వెనక్కి తప్పుకున్నాడు.

మిగతాది ఊహించడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. కిట్టు ఏడో తరగతిలోనే బడి మానేసి సాంచాలు నడిపాడు. మూడేళ్ల కింద అతను పనిచేసే షెడ్డు మూతపడింది. గోదాంవాళ్లకు సూపర్‌వైజర్లుగా పదో తరగతి పాసయి, ముప్పై అయిదు దాటనివాళ్లు కావాలి. ఇంట్లో తమ్ముడి సర్టిఫికెట్ ఉంది.

ఇంకొకటి కూడా అర్థమైంది. ఈ సంగతి వీధంతటికీ తెలుసు. ఆమె ఒక్కదానికే చెప్పలేదు. ఈమధ్య తాను కిరాణా కొట్టుకు పోతే మాటలు ఆగిపోవడం, రామవ్వ లాంటిది కూడా కళ్లు తిప్పుకోవడం ఎందుకో తెలిసింది. తన నోటికి భయపడుతున్నారు. తొమ్మిదేళ్లు తగ్గించుకుని లోపలికి పోయినవాడు తన వెనక తలుపేసుకున్నాడని ఆమెకు కడుపు మండింది. తాను ఫారంలో రాసుకున్న నలభై అయిదు గుర్తొచ్చి, ఆ మంట కొంచెం సిగ్గయింది.

పది రోజులకు గోదాం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అద్దాల గదిలో శ్రద్ధ అనే అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై ఆరు ఉంటాయేమో. ఉద్యోగుల వ్యవహారాలన్నీ ఆమె చూస్తుంది. తలుపు దగ్గర కూలీలను సరఫరా చేసే ఠేకేదారు విఠల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద సంతకం లేని ఉత్తరం ఒకటుంది.

"మా సూపర్‌వైజర్ వయసు అబద్ధమట, సర్టిఫికెట్ అతనిది కాదట," అంది శ్రద్ధ హిందీలో. "పద్మనగర్ వనిత టీచర్‌ను పిలిపిస్తే తేలిపోతుందని రాశారు. మీరు ఈ సర్టిఫికెట్ మీది పేరు పిలవాలి, అతను పలకాలి, అంతే."

"నేను ఇక్కడ పనికి మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను," అంది వనిత.

శ్రద్ధ కంప్యూటర్‌లో వెతికింది. "మాకు ఒక్కటీ రాలేదే. ఏం చదివారు?" వనిత చెప్పింది. వయసూ చెప్పింది, ఉన్నది ఉన్నట్టు. శ్రద్ధ కనుబొమలు పైకి లేచాయి.

"ఎం.ఏ., బీ.ఎడ్. పెట్టుకుని లేబుళ్లు అంటిస్తారా? ఎందుకు?" ఆ 'ఎందుకు'లో కనుకయ్య అనుమానమే ఉంది. "నెల కూడా ఉండరు మీరు. వయసు కూడా... సరే, ముందు ఈ పని చేసిపెట్టండి. తర్వాత మీ సంగతి చూద్దాం."

కిట్టును పిలిపించారు. అతను ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టుకుని, ఆ ఉత్తరాన్ని చూసి, వనితను చూశాడు. రాసింది ఈమేనని అతను అనుకుంటున్నట్టు ముఖంలో స్పష్టంగా కనిపించింది.

కిట్టు అని పిలిస్తే తొమ్మిదేళ్ల వయసునాటి బొంగురు గొంతు పలుకుతుంది. అంతటితో వాడి పని అయిపోతుంది. రమేశ్ అని పిలిస్తే ఎవరూ పలకరు. పోయినవాడెలా పలుకుతాడు? అప్పుడైనా వాడి పని అయిపోయినట్టే. ఎటు చూసినా తనకు పని దొరుకుతుంది. చింపేసిన మూడు ఫారాలు ఆమె కళ్ల ముందు మెదిలాయి. కిట్టు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. బల్ల మీద సర్టిఫికెట్‌కు అంటించిన ఫోటోలోంచి పదహారేళ్ల పిల్లవాడు చూస్తున్నాడు.

"ఆడెపు రమేశ్!" అంది వనిత.

"హాజల్ టీచల్!"

కిట్టు నోట్లోంచే వచ్చింది. ఎనిమిదేళ్ల గొంతు, ర పలకని గొంతు. రమేశ్ మూడో తరగతిలో తన పేరే లమేశ్ అని చెప్పేవాడు. కిట్టు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"పలికాడు, తేలిపోయింది," అంటూ శ్రద్ధ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టింది. విఠల్ ఏదో గొణుక్కుంటూ బయటికి పోయాడు. "మీ సంగతే కష్టం మేడమ్. వయసుకు మా రూలు ఉంది కదా. పైగా మీ చదువు చాలా ఎక్కువ."

"తక్కువ చేసుకుని చూశానమ్మా. రాలేదు," అని వనిత లేచింది.

కిట్టు గేటు బయట లారీల నీడలో ఆమెను అందుకున్నాడు.

"ఆ ఉత్తరం మీరే రాసిండ్రు గదా?"

"నేను రాయలె. నా ఫారాలు చింపింది నువ్వు గదా?"

"నేనే. మీరు లోపల ఉంటె ఎప్పుడో ఒకనాడు నోరు జారి నా పేరు పిలుస్తరు. ఇద్దరు పిల్లలున్నరు నాకు."

"ఇయ్యాలనే జారేదిరా. నాలిక మీదికొచ్చింది." ఆమె అతని ముఖంలోకి చూసింది. "అది ఎవల గొంతు?"

అతను గొంతు పట్టుకుని చూసుకున్నాడు. "నాకు ఎరుక లేదు టీచల్," అన్నాడు. అలా అన్నానని అతనికి తెలిసినట్టు లేదు.

ఆ ఉత్తరం ఎవరు రాశారో చివరికీ తేలలేదు. వనిత అనుమానం విఠల్ మీద. కిట్టుకు ఆమె మీద అనుమానం పోయిందో లేదో అడిగే వీలు లేకపోయింది. నాలుగో రోజున లక్ష్మవ్వ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"గోదాంల నా కొడుకును ఏం చేసినవు బిడ్డా?" అంది గుమ్మంలోనే. "కిట్టూ అంటె తిరుగుతలేడు. ఎవల్నో పిలుస్తున్ననని ఎనుకకు చూస్తుండు. నువ్వే పిలిచినవట."

వనిత ఆమె వెంట పోయింది. ఒంటిగదిలో అతను పళ్లెం ముందు కూర్చుని అన్నం తింటున్నాడు. పిల్లలిద్దరూ పక్కనే టీవీ చూస్తున్నారు. కోడలు పొయ్యి దగ్గర నిలబడి, వనిత చెవిలో మెల్లగా అంది. "నాతోని మాట్లాడెటందుకు కొత్తగ సిగ్గుపడుతుండు టీచర్. పెండ్లయి పద్దెనిమిదేండ్లాయె."

అతని జుట్టు మొదట్లో తెల్లటి గీత కోసం వనిత చూసింది. కొత్తగా వచ్చిన వెంట్రుకలు కూడా నల్లగానే ఉన్నాయి.

"రాండ్రి టీచర్, కూసోండ్రి," అన్నాడతను మర్యాదగా. ఇప్పుడు ర కూడా పలుకుతోంది.

"సాంచాల పని యాదికి వస్తదా నీకు?"

"నేనెన్నడు నడిపిన? అన్న గదా నడిపింది."

"అన్న ఏడి?"

అతను ఆమెను వింతగా చూశాడు. "మీరు కూడ వచ్చిండ్రు గదా ఆనాడు. జ్వరమొచ్చి పోయిండు." ఒక ముద్ద తిని, గుర్తొచ్చినట్టు అన్నాడు. "సోమవారం నుంచి పనికి రాండ్రి టీచర్. విఠల్ సేట్ ఠేకల, కూలోళ్ల లెక్కల మీ పేరు రాయించిన. అది ఆఫీసు దాక పోదు. వయసు, చదువు అడిగెటోళ్లు ఉండరు."

నటిస్తున్నాడా? వనిత అతని కళ్లలో వెతికింది. తనను కొనడానికి ఇదొక ఎత్తా? అక్కడ భయం గానీ, టక్కు గానీ కనిపించలేదు. కుదురైన కుర్రతనం మాత్రమే ఉంది.

"ఒక్కపాలి పిలువు బిడ్డా," అంది లక్ష్మవ్వ. "కిట్టూ అని పిలువు. నీకైతె పలుకుతడు."

వనిత లేచి నిలబడి ఊపిరి తీసుకుంది. పిలిస్తే నలభై అయిదేళ్లు తిరిగొస్తాయి. తెల్లవెంట్రుకలు, ఏడో తరగతి, మూతపడిన షెడ్డు అన్నీ తిరిగొస్తాయి. పెదవులు విడివడ్డాయి.

లక్ష్మవ్వ ఉన్నట్టుండి ఆమె మణికట్టు పట్టుకుంది. ముసలామె కళ్లు టీవీ ముందున్న పిల్లల మీద ఉన్నాయి.

"వద్దు," అంది. "పిలువకు. ఆ వయసోన్ని ఎవలు పెట్టుకుంటరు?"

కొంగుతో మూతి తుడుచుకుని, కొడుకు వైపు వంగింది. ఆ ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఎవరూ అన్నం వేళ పలకని పేరు పలికింది.

"రమేశా, ఇంకింత పెట్టాల్నా?"

"పెట్టు అమ్మా," అన్నాడు కొడుకు వెంటనే.

వనిత ఆ సోమవారం పనికి పోయింది, ఇప్పటికీ పోతూనే ఉంది. గోదాంలో ఆమె ఎవరినీ పేరు పెట్టి పిలవదు. పని పడితే లేచి దగ్గరికి పోయి భుజం తడుతుంది. చదువుకున్నామె, పొగరని వెనక అనుకుంటారు.

లక్ష్మవ్వ ఆ పేరు పలికిన సాయంత్రం మాత్రం ఆమె చాలాసేపు ఆ ఇంట్లోనే కూర్చుంది. కొడుకు తిని లేచాక ముసలామె స్టూలెక్కి, గోడ మీదున్న చిన్నవాడి ఫోటో దించి, దండ విప్పింది. ఆ మేకుకు తగిలించడానికి పెట్టె తెరిచి పెద్దవాడి ఫోటో కోసం వెతికింది. ఒక్కొక్కటే తీసి దీపం కింద చూసి పక్కన పెట్టింది. వాడు ఒక్కడే ఉన్న ఫోటో ఒక్కటి కూడా దొరకలేదు. ప్రతిదాంట్లోనూ తమ్ముణ్ణి ఎత్తుకునే ఉన్నాడు.